నిమిషానికి నూట నాలుగు

మా అత్తగారు పోయిన ఐదో నెలలో నా గుండె నిమిషానికి నూట నాలుగు సార్లు కొట్టుకుంటోందని తెలిసింది. గుండె సంగతి చూపించుకోవాలని నేను వెళ్లలేదు. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో ఏడాదికోసారి ఉద్యోగుల ఇంట్లోవాళ్లకు కూడా పరీక్షలు చేస్తారు. రక్తం ఇచ్చి, బరువు చూపించుకుని వచ్చేద్దామనుకున్నాను. అక్కడి అమ్మాయి నా వేలికి క్లిప్పు పెట్టి అంకె చూసింది. తీసేసి మళ్లీ పెట్టింది.

"మెట్లెక్కి వచ్చిన్రా మేడం?"

లేదన్నాను. అరగంట నుంచి అదే కుర్చీలో కూర్చుని ఉన్నాను.

"జర సేపు కూసోన్రి. మల్ల చూద్దాం."

మళ్లీ చూస్తే నూట రెండు. ఆ అమ్మాయి ముఖంలో కంగారు కనిపించింది. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. ఎవరిదో బస్సు నంబరు చెప్పినట్టు విన్నాను.

పెద్ద డాక్టరుకు చూపించమన్నారు. జహీరాబాద్ బజారులో, మెడికల్ షాపు పైన కూర్చునే డాక్టరు దగ్గరికి మా ఆయన తీసుకెళ్లారు. థైరాయిడ్, రక్తం, ఈసీజీ అన్నీ చేయించారు. వారం తర్వాత ఆ కాగితాలన్నీ చూసి డాక్టరు కళ్లజోడు తీశారు.

"రోగం ఏం లేదమ్మా. అన్నీ మంచిగనే ఉన్నయ్. గుండె మాత్రం ఊకె ఉరుకుతున్నది. ఎందుకు ఉరుకుతున్నదో మీరే చెప్పాలె."

ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే చెప్పాను. మేం పాలకొల్లు వైపు నుంచి ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లయింది. మామగారు పోయాక అత్తగారు మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన మూడో ఏడు ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది. మాట కూడా పోయింది. ఎడమ చేతికి అందేలా ఒక స్టీలు గ్లాసు, చెంచా పెట్టాం. ఏం కావాలన్నా చెంచాతో గ్లాసు మీద కొట్టేవారు. నీళ్లకు ఒకసారి, పక్కకు తిప్పడానికి రెండుసార్లు. ఆపకుండా కొడితే పక్క తడిసిందని అర్థం. స్నానం మధ్యలో ఉన్నా, పూజ మధ్యలో ఉన్నా చప్పుడు వినగానే పరిగెత్తేదాన్ని. ఎనిమిదేళ్లు.

ఆవిడ మధ్యాహ్నం మూడింటికి పోయారు. జావ కలిపి తీసుకెళ్లేసరికి ఊపిరి లేదు. గిన్నె కిటికీ దగ్గర పెట్టి మా ఆయనకు ఫోన్ చేశాను. స్నానం నేనే చేయించాను. ఊరి నుంచి బంధువులు వచ్చి ఏడ్చారు. నేను అందరికీ టీలు పెట్టాను. "ఎంత గుండె నిబ్బరమో" అన్నారు ఒకావిడ. "కంట్లో తడే లేదు చూడు" అన్నారు ఇంకొకావిడ. రెండూ వినబడ్డాయి. రెండిట్లో ఏదీ నా గురించి అన్నట్టు అనిపించలేదు.

డాక్టరు అంతా విన్నారు.

"రోజుకు ఎన్నిసార్లు చాయ్ తాగుతరు?"

"ఆరు. ఒక్కోరోజు ఏడు."

"నడక?"

"ఇంట్లోనే, అటూ ఇటూ."

"నిద్ర?"

మా ఆయన నా వైపు చూశారు. రాత్రిళ్లు నేను ఎన్నిసార్లు లేచి అత్తగారి ఖాళీ గదిలోకి వెళ్లి వస్తున్నానో ఆయనకు తెలియదు.

మందు రాయలేదు డాక్టరు. మూడు నెలలు చూద్దామన్నారు. చాయ్ రెండుకు తగ్గించాలి, సాయంత్రం నాలుగు దాటితే అదీ వద్దు. రోజూ ముప్పావు గంట నడవాలి. రాత్రి తొందరగా తిని, రోజూ ఒకే వేళకు పడుకోవాలి. కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రం ఆగకుండా వచ్చెయ్యాలి. చివరికి నా చెయ్యి పట్టుకుని, బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు ఎట్లా ఆనించాలో చూపించారు.

"పొద్దున మెలకువ రాంగనే మంచం దిగొద్దు. అట్లనే పండుకొని నిండ నిమిషం లెక్కపెట్టి రాసుకోన్రి."

ఇది తేలిక పని అనుకున్నాను. మర్నాడు మెలకువ వచ్చేసరికి నేను వంటింట్లో నిలబడి ఉన్నాను. రెండో రోజూ అంతే. మూడో రోజు మా ఆయనతో చెప్పి పడుకున్నాను. నేను కదలగానే ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "పడుకో, ఎవరూ పిలవట్లేదు" అన్నారు. నిమిషం లెక్కపెట్టడానికి మూడుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. తొంభై ఎనిమిది. గోడ మీద క్యాలెండర్లో ఆ తేదీ గడిలో రాశాను.

నడకకు తోడు దొరికింది. పక్కింట్లో ఒకావిడ ఉండేవారు. బుర్ఖాలు, జాకెట్లు కుట్టేవారు. భర్త పోయాక కుట్టుమిషన్ మీదే ఇద్దరు కూతుళ్లను చదివించి పెళ్లిళ్లు చేశారు. అందరిలాగే నేనూ ఆమెను ఆపా, అంటే అక్కా, అనేదాన్ని. షుగర్ ఉండటంతో రోజూ పొద్దున కాలేజీ గ్రౌండులో నడిచేవారు. మొదటి రోజే నన్ను వెనకనుంచి కేకేసి ఆపారు.

"ఏంది చెల్లె గా ఉరుకుడు? ఎవలన్న తరుముతున్నరా నిన్ను?"

నేను వేగంగా నడుస్తున్నానని నాకు తెలియదు.

"నాతోని మాట్లాడుకుంట నడువ్. మాట ఆగి దమ్మొచ్చిందంటే జల్ది పోతున్నవన్నట్టు. జర నిమ్మళం."

ఆమె చేతిలో జపమాల ఉండేది. కొంతసేపు మాట్లాడి, కొంతసేపు పూసలు జరుపుతూ నడిచేవారు. ఆ వేళ్ల కదలిక చూస్తూ నేను ఊపిరి తీసుకునేదాన్ని. నాలుగు పూసలకు లోపలికి, ఆరు పూసలకు బయటికి. ఆమెకు చెప్పలేదు. పది రోజులకు ఆమే కనిపెట్టి, నా కోసం పూసలు ఇంకా నెమ్మదిగా జరపడం మొదలుపెట్టారు.

చాయ్ మానడం కష్టమైంది. నాలుగు రోజులు తల పగిలిపోయింది. నిజానికి ఆ ఆరు టీలు నేను ఇష్టపడి తాగినవి కావు. పక్కమీద దుప్పటి మార్చాక ఒకటి, మందులిచ్చాక ఒకటి, అట్లా ఒక్కో పనికీ ఒక్కోటి ముడిపడిపోయాయి. పనులు పోయినా టీలు మిగిలాయి. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె పెట్టుకున్నాను. ఆపా నేర్పారు. నా చేతిలో అవి గుండ్రంగా వచ్చేవి కావు. మా ఆయన ఏమీ అనకుండా తినేవారు. ఎనిమిదికల్లా తిండి అయిపోయేది. పదికి దీపం ఆర్పేవాళ్లం. ఖాళీ గదికి బయటనుంచి గడియ పెట్టమని నేనే చెప్పాను. వారం పాటు ఆ గడియ దాకా వెళ్లి వచ్చాను. తర్వాత వెళ్లలేదు.

క్యాలెండర్ గడుల్లో అంకెలు తొంభై నాలుగు, తొంభై ఐదు, తొంభై, మళ్లీ తొంభై రెండు. నెలన్నరకు ఎనభై ఆరు. తగ్గుతుంటే సంతోషం వేసిందని రాస్తే అబద్ధం అవుతుంది. నాకు ఏమీ అనిపించడం లేదు. ఆపా తన చిన్నకూతురికి కొడుకు పుట్టాడని మిఠాయి తెచ్చి నోట్లో పెట్టారు. నవ్వాలని గుర్తొచ్చి నవ్వాను. నడక చెయ్యమన్నారు కాబట్టి చేశాను. చెప్పిన పని చెయ్యడం నాకు బాగా అలవాటు.

మూడో నెలలో ఒక ఆదివారం పొద్దున మా ఆడపడుచు రాజమండ్రి నుంచి ఫోన్ చేశారు. మా ఆయనకు అక్క. ఆయన స్పీకర్ పెట్టారు. అత్తగారి చెల్లెలు బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగిందట. ఆపరేషన్ అయింది. ఆవిడకు పిల్లలు లేరు.

"ఇక్కడ ఎవరికీ చేతకాదే. నీ చేతిలో పడితే పిన్ని ఆరు నెలల్లో లేచి తిరుగుతుంది. నీకు అలవాటే కదా. అమ్మకు కొన్న ఆసుపత్రి మంచం కూడా మీ ఇంట్లోనే ఉందాయె."

మా ఆయన నా వైపు చూశారు. ఆ ముఖం అప్పటికే ఒప్పుకుంది. నా రెండు వేళ్లు వాటంతటవే మణికట్టు మీదికి వెళ్లాయి. ఎదురుగా గడియారం ఉంది.

"వింటున్నావా?"

"వింటున్నాను వదినా. ఒక్క నిమిషం."

ఆవిడ నిజంగానే ఆగారు. మా ఆయన నా చేతిని చూస్తూ ఉండిపోయారు. నూట పన్నెండు.

"నేను చూడలేను వదినా."

"చూడలేనంటే?"

"చూడలేను."

"మా అమ్మను ఎనిమిదేళ్లు చూసినదానివి! ఆరు నెలలు ఎంతసేపు?"

"ఎనిమిదేళ్లు చూశాను కనకే చూడలేనంటున్నాను."

నా గొంతులో కోపం లేదు. కూరలో ఉప్పు చాలిందో లేదో చెప్పినట్టు చెప్పాను. ఆవిడ ఫోన్ పెట్టేశారు. మా ఆయన ఫోన్ బల్ల మీద పెట్టారు.

"ముందు నాతో ఒక మాట అనాల్సింది."

"అంటే ఏమనేవారు?"

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఒప్పుకోమనేవాణ్ని" అన్నారు. చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయారు.

నాలుగు రోజులు అవసరమైనంతే మాట్లాడుకున్నాం. ఐదో రోజు భోజనం దగ్గర, ఫ్యాక్టరీలో తన కింద పనిచేసే ఒకతను రాయికోడ్ దగ్గరివాడనీ, అతని తండ్రికి పక్షవాతం వచ్చిందనీ చెప్పారు. "మంచం వాళ్లకు ఇచ్చేద్దామా?" అని అడిగారు. ఇచ్చేయమన్నాను.

అతను మర్నాడే ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. వెంట భార్య కూడా వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. గది గడియ తీసి, మంచం తల వైపు పైకి లేపే హ్యాండిల్ ఎట్లా తిప్పాలో ఆ అమ్మాయికి చూపించాను. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని చెప్పాను. అన్నీ తలూపుతూ విన్నది. అచ్చం నాలాగే శ్రద్ధగా విన్నది. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది.

"రోజూ ఒక గంట నువ్వు బయటికి వెళ్లు. ఎక్కడికైనా సరే. ఎవరినైనా మామగారి దగ్గర కూర్చోబెట్టు."

"ఎవలుంటరక్కా? ఇంట్ల మేమే ఉంటం."

"మీ ఆయన ఉంటాడు."

మంచం కోళ్లకు తాడు కడుతున్న అతను తలెత్తాడు. తాడు ముడి బిగించి, "ఉంట అక్కా. డ్యూటీ నుంచి వచ్చినంక నేనుంట" అన్నాడు. గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నారు. ఈ మాట ఎనిమిదేళ్లలో నాకు తట్టలేదు. ఆయనకూ తట్టలేదు. ఆటో వెళ్లిపోయాక ఆయన ఆ గది తనే ఊడ్చారు. మంచం ఉన్న చోట నేల రంగు వేరుగా ఉంది. ఆ వారం నుంచి సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి రాగానే నాతోపాటు ఇంకో అరగంట నడవడం మొదలుపెట్టారు. క్షమించమని ఆయన అడగలేదు. నేను ఎదురుచూడలేదు.

పిన్నిగారికి అక్కడే ఒక మనిషిని పెట్టారు. నాలుగు నెలలకు కర్ర పట్టుకుని నడిచారట. ఆడపడుచు చాలా రోజులు ఫోన్ చెయ్యలేదు. తర్వాత చేశారు, మామిడి పచ్చడి పంపుతున్నానని.

మూడు నెలలకు ఒకసారి చూపించుకుని, ఏడు నెలలకు మళ్లీ వెళ్తే డాక్టరు నా చెయ్యి పట్టుకుని గడియారం చూసి, "డెబ్బై రెండు" అన్నారు. తృప్తిగా కనిపించారు. "ఇప్పుడెట్లుందమ్మా?"

"తెలియదండీ."

"నిద్ర?"

"పడుతోంది."

"ఆకలి?"

"వేస్తోంది."

"ఏడుపొచ్చిందా ఎప్పుడన్న?"

ఆయన అది అడుగుతారనుకోలేదు. రాలేదన్నాను. డాక్టరు పెన్ను మూత పెట్టారు.

"ఎదురుకెళ్లి పిలవకున్రి. ఎప్పుడన్న వస్తే ఆపకున్రి. ఇట్లనే ఇంకో ఆరు నెలలైనా మనసుకు ఏం తెలుస్తలేదంటే చెప్పున్రి, హైదరాబాదుల ఒక డాక్టరున్నరు, రాసిస్త. నడక మాత్రం ఇడువకున్రి."

సరేనన్నాను. కిందికి దిగేసరికి చెరకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి బజారు దాటుతున్నాయి. అవి పోయేదాకా జనంతోపాటు నిలబడ్డాను. నా చెప్పుల అడుగు అరిగిపోయి చాలా రోజులైంది. ఎదుటి దుకాణంలోకి వెళ్లి నడకకు పనికొచ్చే జోళ్లు చూపించమన్నాను. ఏ రంగు కావాలని అడిగాడు అతను. ఏదైనా ఫరవాలేదని అనబోయి ఆగాను. రెండు జతలు పక్కపక్కన పెట్టించుకుని కాసేపు చూశాను. నీలం రంగువి తీసుకున్నాను.