పెట్టెలో పడిన హైనాన్

ఆ చీటీ రాసింది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత ఎలాగూ తెలిసిపోతుంది.

జనక్‌పురిలో మా తెలుగు చర్చి గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. ప్రార్థన కావాల్సినవాళ్ళు చీటీ రాసి అందులో వేస్తారు. ఆరాధనకు ముందు సాలొమోను అంకుల్ వాటిని మైకులో చదువుతారు, మేమంతా ఆమెన్ అంటాం. మోకాలి నొప్పి, ట్రాన్స్‌ఫరు, పిల్లాడి ట్వెల్త్ బోర్డు. అన్నీ తెలుగులోనే. సరళకుమారి ఆంటీ చీటీ మాత్రం ఇంగ్లీషులో, ఒకే ఒక్క మాట: హైనాన్.

మైకు చూసేది నేనే కాబట్టి మూడేళ్ళుగా దగ్గర్నుంచి వింటున్నాను. ఆ పేరు దగ్గర అంకుల్ గొంతు తగ్గేది. మ్యాపులో వెతికితే చైనాకి అడుగున, సముద్రంలో ఒక దీవి. అక్కడెవరో మిషనరీలు ఉన్నారు కాబోలనుకున్నాను. పెద్దవాళ్ళకు సంగతి తెలుసట. మాకెవరూ చెప్పలేదు.

ఆంటీది నరసాపురం వైపు. ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవయ్యేళ్ళుగా నర్సు. నైట్ డ్యూటీ దిగి తెల్లబూట్లతోనే చర్చికి వచ్చేది. వార్డులో ఎవరైనా చనిపోతే "పోయారు" అనదు, "డ్యూటీ దిగారు" అంటుంది. నాకు జ్వరమొస్తే తనే వచ్చి సూది వేసి, "ఒరేయ్ స్టీవ్, నోరేమో ఇంత, ఈ పాటి సూదికి ఏడుపేంట్రా?" అనేది. ఆవిడంటే ఇష్టం. నాకు ఇష్టమైనవాళ్ళెవరూ నా కోతిపనుల నుంచి తప్పించుకోలేదు.

2008 జనవరి. ఎదురుగా ఉన్న మనిషి కనపడనంత పొగమంచు. ఇన్నాళ్ళు అడిగితే దేవుడు ఒక్కసారన్నా పలకొద్దా అనిపించి, ఆంటీ చీటీ తీసేసి, ఆవిడలాగే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో "హైనాన్. థాంక్యూ లార్డ్" అని రాసి పెట్టెలో వేశాను.

అంకుల్ చదివి ఆగిపోయారు. ఒక్కరూ ఆమెన్ అనలేదు. ఆంటీ మెల్లగా లేచి, గుమ్మం వైపు తిరిగింది. నేనూ చూశాను. తెరిచిన తలుపులోంచి పొగమంచు లోపలికి వస్తోంది, అంతే. ఆవిడ దాన్ని చూసి నవ్వింది. బెంచీ మీద పక్కకు జరిగి, బ్యాగు తీసేసి, ఒక మనిషికి చోటు చేసింది. ఆ చోట పాటల పుస్తకం తెరిచి పెట్టింది. గాలికి నా చేతిలో కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఆ పుస్తకంలో ఒక్క పేజీ కూడా కదల్లేదు.

బయట ఆంటీ కూతురు షెరిన్ నన్ను పట్టుకుని ఏడ్చింది. "భయ్యా, ఏ కిస్నే లిఖా? పాపా కా షిప్ వహీఁ గాయబ్ హువా థా!"

చీటీ ఎవరు రాశారంటుంది, నాన్న ఓడ అక్కడే మాయమైందంటుంది. అప్పుడు తెలిసింది. వాళ్ళ నాన్న లెవి సరుకు ఓడలో, ఇంజను గదిలో మోటారుమ్యాను. హైనాన్ దగ్గర ఓడతో సంబంధం తెగిపోయిందని కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఒక ఫ్యాక్సు వచ్చింది. ఇక ఏ కబురూ లేదు. "ఇంగ్లీషులో తీసుకుపోయారు, ఇంగ్లీషులోనే తెచ్చియ్యాలి" అంటుందట ఆంటీ. ఏడేళ్ళు నిండాయి, చట్టం లెక్కలో ఇక పోయినట్టే. కబురు లేదని ఆంటీ అఫిడవిట్ మీద సంతకం పెడితే తప్ప నర్సింగ్ కాలేజీ వాళ్ళు షెరిన్ ఫారం తీసుకోరు. అందులో తండ్రి ఉన్నట్టో లేనట్టో తేలాలి. "మమ్మీ కల్ సైన్ కర్నే వాలీ థీ. అబ్ బోల్తీ హై పాపా ఆ రహే హైఁ. ఫ్రైడే లాస్ట్ డేట్ హై, భయ్యా."

రేపు సంతకం పెట్టాల్సిన ఆంటీ, ఇప్పుడు ఆయన వచ్చేస్తున్నాడంటోందట; శుక్రవారంతో గడువు ఆఖరు. నాలుగు రోజులు దాక్కున్నాను. గురువారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. అంత చలిలో తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో కొత్త మగచెప్పులు, ముందు వైపు ఇంటిలోకి తిరిగి ఉన్నాయి. తడిసి ఉన్నాయి. స్నానాలగది బయట గీజరు ఎర్రలైటు వెలుగుతోంది. లోపల బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు. ఆంటీ చేపలు వేయిస్తోంది.

"మెల్లగా మాట్లాడరా. ఓడ దిగొచ్చిన మనిషికి ముందు వేణ్ణీళ్ళు కావాలి."

"లోపలెవరున్నారాంటీ?"

ఆవిడ పెనం మీద చేప తిప్పింది. లోపల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. షెరిన్ ఇంట్లో లేదు. ఆంటీ నా ఎదురుగానే ఉంది. పంపు ఎవరు కట్టారు?

 గబగబా అనేశాను: "ఆంటీ, ఆ చీటీ నేనే రాశాను. మీది తీసేసి. మిషనరీల సంగతనుకున్నాను. నాకు తెలీదాంటీ."

చేపలు మాడుతున్నాయి. ఆవిడ పొయ్యి కట్టేసింది. వెళ్ళి గీజరు స్విచ్ తీసేసింది. ఎర్రలైటు ఆరిపోయే దాకా అక్కడే నిలబడింది. టీవీ కింద నుంచి కాగితం తీసి, నిలబడే సంతకం పెట్టింది. తర్వాత పెన్ను నా చేతిలో పొడిచినట్టు పెట్టింది.

"కబురేం రాలేదని సాక్షి కూడా సంతకం పెట్టాలంటరా. ఇదిగో, పెట్టు. వచ్చిందని రాసిన చెయ్యేగా, రాలేదని రాయడానికి దానికేం నొప్పి?"