గోడకు పోయని నీళ్లు

గార్లదిన్నె పక్కన, మా నల్లరేగడి చేని గట్టునే ఇల్లు కట్టుకున్నాం. పునాది నేనూ మా ఆయనా తవ్వినాం. రెండేండ్లు తిరక్కముందే పడమటి గోడ నెర్రె ఇచ్చింది. మొదట వెంట్రుకంత గీత. ఆ ఏడు చెనక్కాయ విత్తినాక వాన మొగం చూడలేదు. ఎండాకాలానికి ఆ గీతలో నా చిటికెనవేలు దూరింది. మా అత్త మంచం ఆ గోడ పక్కనే. తేళ్లు వస్తాయని ఆమె పాతగుడ్డలు కుక్కి పండుకునేది.

మా ఆయన ఒక ముసలి మేస్త్రీని పిల్చుకొచ్చినాడు. ఆయన నెర్రె పొడుగునా ఉలితో వెడల్పుగా కొట్టి, దుమ్ము దులిపి, కోళ్లజాలీ మేకులతో బిగించి, సిమెంటు మాలు ఎక్కించినాడు. పోతా పోతా నాతో చెప్పినాడు.

"పాపా, వారం దినాలు పొద్దున, సాయంత్రం తడపల్ల. తడి ఆరితే నేను చేసిందంతా దండగ."

చేన్లో బోరు ఎప్పుడో ఎండిపోయింది. ఊరికి ట్యాంకరు దినం విడిచి దినం వచ్చేది. ఇంటికి నాలుగు బిందెలు. రెండు దినాలు మేము తాగేది తగ్గించి గోడకు చల్లినాను. మూడో దినం ట్యాంకరు రాలేదు. ఇంట్లో ఒక బిందె మిగిలింది. బయట కొత్తగా ఈనిన ఎనుము నాలుక బయటికి పెట్టి నిలబడింది.

"దానికి పోయ్ మే. గోడకు దప్పికయితాదా?" అన్నది అత్త.

ఒక చెంబు పక్కన పెట్టి, మిగిలిందంతా ఎనుముకు పోసినాను.

సాయంత్రం మా ఆయన వచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టి చూసినాడు.

"నీళ్లు యాడ పోసినావు?"

"ఎనుముకు."

తిడతాడనుకున్నా. తిట్టలేదు. తాగమని నేనిచ్చిన చెంబులో చెయ్యి ముంచి, ఆ తడి చేత్తో గోడను రుద్దినాడు. మళ్లీ ముంచినాడు, మళ్లీ రుద్దినాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా అట్లే చేసినాడు. తాగేదానికి ఒక గుక్క కూడా పెట్టుకోలేదు. నేను చూడలేక బయటికి పోయినాను.

ట్యాంకరు మళ్లీ వచ్చేలోపలే గోడ ఎండిపోయింది. పది దినాలకు మాలు పెంకులు పెంకులుగా లేచింది. మేస్త్రీకి కబురు పంపితే వచ్చినాడు. తాపీ సంచి తేలేదు. గోడను చూసి అరుగు మీద కూచున్నాడు. మా ఆయన చేన్లో ఉన్నాడు. అడగల్లనుకున్న మాట అప్పుడు అడిగినాను.

"అన్నా, వారం దినాలూ తడిపింటే నిలిచేదా?"

ఆయన చేను దిక్కు చూసినాడు. నేల కాలు ఇరుక్కునేంత నెర్రెలిచ్చి ఉంది.

"ఏం చెప్పేది పాపా. కింద నేల ఎండి కుంగుతాండాది. తడిపింటే కొన్నాళ్లు నిలిచేదేమో. నిలవకపోనూ పోవచ్చు."

నిలవదని ఒక్క మాట గట్టిగా చెప్పింటే నా గుండె కుదుటపడేది. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఆ తర్వాత మా ఆయన రోజూ పొద్దున్నే మట్టి, పేడ కలిపి ఆ నెర్రెకు పూసేవాడు. సాయంత్రానికి అది మళ్లీ నోరు తెరిచేది. నేను సాయం పట్టబోతే, "నువ్వు పో" అనేవాడు. అత్తను ముందు రూములోకి మార్చినాం. మేత లేక ఎనుమునూ దూడనూ సంతకు తోలినాం.

వాన ఆ మరుసటేడు, విత్తే అదును దాటినాక వచ్చింది. మూడు దినాలు విడవకుండా పడింది. నాలుగో దినం మేము వాకిట్లో ఉండగానే పడమటి గోడ సగం బయటికి ఒరిగి కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అత్త గట్టిగా ఏడ్చింది. మా ఆయన ఆ రాళ్ల దిక్కన్నా చూడలేదు.

"మేస్త్రీని పిలుద్దామా?" అన్నా.

"ఎందుకు?" అన్నాడు.

ముగ్గురమూ ముందు రూములోనే వండుకోని, ఆడనే పండుకున్నాం. ఆయన చేన్లోకి పోయేది మానుకున్నాడు. సంగటి పెడితే తినేవాడు, పెట్టకుంటే అడిగేవాడు కాదు. నాతో తగువు పెట్టుకున్నా బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ ఏడంతా అట్లే గడిచింది.