బావ గొంతు కోసం వంద పెట్టెలు

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరంతా గొంతెత్తుతున్న రోజుల్లో మా బావను డాక్టరు గొంతు దించుకోమన్నాడు.

బావ అంటే మా అక్క భర్త. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. బ్యాచికి నూటయాభై మంది, రోజుకు నాలుగు బ్యాచులు. గదికీ గదికీ మధ్య గోడ లేదు, ప్లైవుడ్ చెక్క ఉంది. ఇవతల లెక్కలు, అవతల కెమిస్ట్రీ. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ పాఠం రెండు గదుల పిల్లలకూ ఉచితంగా అందేది. పన్నెండేళ్ళు అలా అరిచాక బావ గొంతులో కాయలు కాశాయి.

"పార పట్టుకునేవాడికి చేతిలో కాస్తాయి కదా, ఇవీ అలాంటివే," అన్నాడు సైదాబాద్‌లో డాక్టరు. "మైకు పెట్టుకుని మెల్లగా చెప్పండి. లేదా వేరే ఉద్యోగం చూసుకోండి. ఇలాగే అరిస్తే ఒకరోజు పొద్దున లేచేసరికి మాట ఉండదు."

మెట్లు దిగుతూ బావ అన్నాడు: "వేరే ఉద్యోగం ఏమొస్తుందోయ్ నాకు? అరవడం తప్ప ఏం నేర్చుకున్నాను?"

గోడకు స్పీకర్లు బిగించడానికి సెంటర్ యజమాని ఒప్పుకోలేదు, పక్క క్లాసుకు ఇబ్బందట. బజారులో దొరికే, నడుముకు చిన్న స్పీకరు పెట్టె కట్టుకునే మైకులు తెచ్చి చూశాం. బావ బోర్డువైపు తిరిగితే చాలు, కుక్క తోక తొక్కినట్టు కీచుమనేవి. అప్పుడు నేను నోరు జారాను. "నేను చేసిస్తాను బావా. కీచుమనదు, ప్లైవుడ్ దాటదు. నీ ఒక్కడికే ఏమిటి, వంద చేస్తాను. దిల్‌సుఖ్‌నగర్ మాస్టార్లందరి గొంతులూ బాగుపడతాయి."

నేను ఇరవై ఏళ్ళు రేడియోలు, టేపు రికార్డర్లు బాగు చేసినవాణ్ణి. అంటే, ఎవరో చేసినవాటిని విప్పి మళ్ళీ బిగించినవాణ్ణి. బిగించాక ఒకటీ అరా స్క్రూలు మిగిలేవి. అదే నా మిగులు. అలాంటివాడు వంద పెట్టెలు తయారు చేస్తానంటే ఇంట్లోవాళ్ళు ఆపాలి. మా ఇంట్లో ఆ రోజు ఎవరూ లేరు.

ఎల్బీనగర్‌లో టీవీ రిపేరు షాపు నడిపే మిత్రుడొకడు నాతో చేయి కలిపాడు. నల్లగొండ జిల్లా మనిషి, నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. ఉద్యమ సభలకు వెళ్ళే ఆంప్లిఫయర్లను ఊరికే బాగు చేసి పంపేవాడు. నాది కృష్ణకు ఆవలి ఒడ్డు. రాష్ట్రం సంగతి మా మధ్య రాకూడదని మేం ఎప్పుడూ మాట అనుకోలేదు, కానీ రాలేదు. అతని షాపు మీది గదిలో నాలుగు బల్లలు వేసి పని మొదలుపెట్టాం. టంకం వేయడానికి అదే వీధిలో ఉండే ఒకామె వచ్చేది. అంతకుముందు ఒక స్టెబిలైజర్ల కంపెనీలో అదే పని చేసిందట. అందరం అక్కా అనేవాళ్ళం.

ఆ గదికి వాసనలు మూడు. టంకం పొగ, రబ్బరు జిగురు వాసన, కింద హోటల్లో మాడిన నూనె కలిసి అన్నంలోకి కూడా వచ్చేవి. అది భరించాను. భరించలేనిది మనుషుల అబద్ధాలు. సర్క్యూట్ బోర్డులు చేసినవాడు ఫిల్మును తిరగేసి ముద్రించాడు. వంద బోర్డులూ అద్దంలో చూసినట్టు కుడి ఎడమయ్యాయి. ఇదేమిటయ్యా అంటే, "బంద్ సార్, కరెంటు లేదు, తొందరల జరిగింది," అన్నాడు. కరెంటు లేకపోతే అసలు ముద్రణే ఉండదు కదా అని నాకు ఇంటికొచ్చాక తట్టింది. ప్లాస్టిక్ డబ్బాలు పోసినవాడు మా ఊరివైపువాడే. బెల్టు దూరాల్సిన గాడిలో దారం కూడా దూరలేదు. అతనూ అదే పాట: "ఏం చెయ్యమంటారండీ, రాస్తారోకోలో లారీ హయత్‌నగర్ దగ్గర ఆగిపోయిందండీ." లారీ ఆగితే గాడి ఎందుకు పూడుకుపోయిందో ఆయనకే తెలియాలి.

ఇటువాళ్ళూ అటువాళ్ళూ తమ పాడుపనిని తెచ్చి ఉద్యమం నెత్తిన వేసేవాళ్ళు. రోడ్డు మీద జనం ఒక నమ్మకం కోసం నిలబడి ఉంటే, దాని వెనక నక్కి వీళ్ళు చేతకానితనం దాచుకునేవాళ్ళు. నాకు రోత పుట్టేది. బావ ఫోన్ చేసి "ఎందాకా వచ్చిందోయ్?" అని బొంగురు గొంతుతో అడిగితే మాత్రం నేను కూడా "బందులు కదా బావా," అనేవాణ్ణి.

అయినా ఎలాగో లాక్కొచ్చాం. తిరగబడ్డ బోర్డులకు ఐసీ చిప్పులను వెనకవైపు నుంచి, చచ్చిన బొద్దింకల్లా కాళ్ళు పైకి పెట్టి అతికించింది అక్క. గాడులు నేను వేడి సూదితో తొలిచాను. దసరాకు ముందురోజు వంద పెట్టెలనూ ఒక్కొక్కటిగా పరీక్షించాం. నా మిత్రుడు ప్రతిదానిలోనూ "హలో, మాట్లాడొచ్చునా?" అని అడిగాడు, వంద సార్లూ పెట్టె స్పష్టంగా తిరిగి అడిగింది. కీచు లేదు, గరగర లేదు.

మర్నాడు ఆయుధ పూజ. దుప్పటి పరిచి వంద పెట్టెలూ వరుసగా పేర్చాం. టంకం కడ్డీలు, స్క్రూ డ్రైవర్లు, మీటరు పక్కన పెట్టాం. అక్క పళ్ళెంలో పసుపు కుంకుమ తడిపి తెచ్చింది.

"ఏడ పెట్టాలె సార్ బొట్టు?"

"మైకు మీద పెట్టమ్మా. అదే కదా దాని ముఖం."

మైకంటే చొక్కా గుండీ అంత ఉంటుంది, వైరు చివర. దాని ముందు సన్నటి జాలీ. పైన తొడిగే స్పాంజి టోపీలు ఇంకా తొడగలేదు. అక్క చెయ్యి ఆపి నావైపు చూసింది.

"తడి ఉన్నది గద సార్. లోపటికి పోతే ఏం గాదా?"

"అమ్మవారి పసుపుకు ఏమవుతుందమ్మా," అన్నాను.

ఇరవై ఏళ్ళ రిపేరు అనుభవం ఆ ఒక్క వాక్యంలో పోయింది. మా నాన్న కుట్టుమిషనుకూ, సైకిలుకూ, తలుపుకీ బొట్టు పెట్టేవాడు. అవి ఏ ఒక్కటీ ఊపిరి పీల్చేవి కావు. మైకు పీల్చుకునే వస్తువని నాకు తెలుసు, ఆ క్షణంలో తెలియలేదు. అక్క యాభై పెట్టింది, మిగతా యాభై నేనే పెట్టాను. మనసు నిండా భక్తి కదా, నిండుగా పెట్టాను. హారతి అయ్యాక టోపీలు తొడిగి అట్టపెట్టెల్లో మూసేశాం. ఇంకోసారి చూద్దామా అన్నాడు నా మిత్రుడు. పూజయ్యాక మళ్ళీ పరీక్షిస్తే దేవతను అనుమానించినట్టు ఉంటుందన్నాను.

సెలవులయ్యాక బావ మొదటి పెట్టె నడుముకు కట్టుకుని క్లాసుకు వెళ్ళాడు. పది నిమిషాలు బాగానే పలికిందట. తరువాత నూనెలో అప్పడం వేసినట్టు చిటపటలు. ఆ తరువాత దుప్పటిలోంచి మాట్లాడుతున్నట్టు. బావ మైకు తీసి పక్కన పెట్టవచ్చు. కానీ బావమరిది చేసిన మైకు కదా, కాసేపట్లో సర్దుకుంటుందని నమ్మాడు. దాన్ని వినిపించడానికి గొంతు పెంచాడు. మూడు గంటలు అలాగే చెప్పాడు. సాయంత్రం ఇంటికొచ్చి మా అక్కను మంచినీళ్ళు అడగబోతే మాట రాలేదు, గాలి వచ్చింది.

ఆరువారాలు మౌనం అన్నాడు డాక్టరు. గుసగుస కూడా కూడదన్నాడు. సెంటర్ యజమాని ఆరువారాలు ఆగుతానని, ఏడోవారం మైకుతో రాకపోతే వేరే మాస్టారిని పెట్టుకుంటానని చెప్పాడు. ఈలోపు మిగతా మాస్టార్లు తీసుకెళ్ళిన పెట్టెలూ ఒక్కొక్కటే ఎల్బీనగర్ మెట్లెక్కి వెనక్కి వచ్చాయి. అన్నిటిదీ అదే జబ్బు.

తప్పు మైకుల్లోనే ఉందని, టోపీలు తీసి చూడకుండానే తేల్చాం. మైకులు అమ్మినది దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో చిన్న షాపతను, యాభై దాటిన మనిషి, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. చచ్చిన మైకులు సంచిలో వేసుకుని నేనూ నా మిత్రుడూ వెళ్ళాం. షాపు నిండా గిరాకీ ఉంది. నాకు బావ గాలి మాట చెవిలోనే ఉంది. సంచి కౌంటరు మీద దబ్బున పెట్టి అన్నాను:

"ఇలాంటి చెత్త అంటగడతారా? పని చేతకాదు గానీ బందులకు మాత్రం ముందుంటారు మీరు."

షాపతను ఒక మైకు తీసి, గోటితో స్పాంజి టోపీ లాగి, వెలుగులో పెట్టి చూశాడు. జాలీ నిండా ఎండిన పసుపు, అంచున కుంకుమ, చెవిలో గుబిలి గడ్డకట్టినట్టు.

"గిదేంది సార్?" అన్నాడు మెల్లగా.

నా మిత్రుడు తీసుకుని వాసన చూశాడు. "పసుపు," అన్నాడు. నావైపు చూడలేదు.

సంచి తీసుకుని బయటికొచ్చాం. నోట్లో ఏదో కుళ్ళినది నమిలినట్టుంది. నీళ్ళు పుక్కిలించినా పోలేదు. నేను ఏవగించుకున్న బోర్డువాడూ డబ్బావాడూ తమ తప్పును బందు మీద తోశారు. నేను వాళ్ళకంటే ఒక మెట్టు దిగి మనుషుల మీద తోశాను. అదీ నా సొంత చేతులతో పెట్టిన బొట్టుకు.

బండి మీద వెనక కూర్చున్నాను. నా మిత్రుడు ఎల్బీనగర్ దాకా నడిపాడు. ఎర్రలైటు దగ్గర ఆగాక, తల తిప్పకుండానే అడిగాడు: "'మీరు' అన్నవు గదా అన్నా. దాంట్ల నేను గూడ ఉన్ననా?"

పచ్చలైటు పడితే బాగుండునని చూశాను. ఆ రోజు అది చాలాసేపు పడలేదు.

వంద మైకులూ మార్చాలి. కొత్త మైకులు నా మిత్రుడే ఆ షాపు నుంచి తెచ్చాడు, నన్ను రావద్దన్నాడు. అక్క పాతవి కోసి కొత్తవి అతికిస్తూ, "నేను ముందుగాలనే చెప్పిన గద సార్," అని ఒక్కసారి అంది. మళ్ళీ అనలేదు. అన్నా బాగుండేది.

ఆరోవారం చివర బావ ఇంటికి పెట్టె తీసుకెళ్ళి జరిగిందంతా చెప్పాను. బొట్టు సంగతికి బావ భుజాలు కదిలేలా శబ్దం లేకుండా నవ్వాడు. షాపులో అన్న మాట చెప్పేసరికి నవ్వు ఆగింది. పాత ప్రశ్నపత్రం వెనక రాసి చూపించాడు: "క్షమించమని అడిగావా?"

"లేదు బావా. ఏ ముఖంతో వెళ్ళను?"

మళ్ళీ రాశాడు: "నా క్లాసులో సగం పైన ఇక్కడి పిల్లలు. ఆ మాట అన్నవాడు చేసిన పెట్టెను వాళ్ళ ముందు కట్టుకోను. అడిగిరా."

"సోమవారం క్లాసు. మైకు లేకుండా వెళ్తే ఉద్యోగం ఉండదు, గొంతూ ఉండదు."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మౌనంలో ఉన్న మనిషితో వాదించడమంత అన్యాయం ఇంకోటి లేదు. మనం ఎంత అరిచినా గెలవం.

శనివారం బంద్. దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచే వెళ్ళాను. షట్టర్ సగం దించి, ముందు స్టూలు మీద షాపతను కూర్చున్నాడు. చుట్టూ నలుగురు ముచ్చట్లు చెప్పుకుంటున్నారు.

"ఏం గావాలె సార్? బంద్ ఉన్నది, జల్ది చెప్పుండ్రి."

"సరుకు కోసం కాదండీ. ఆ రోజు మిమ్మల్ని ఒక మాట అన్నాను. తప్పయింది."

అతను కళ్ళు చికిలించి చూశాడు. "ఆఁ, పసుపు సారా. యాదికొచ్చిండ్రు. ఏమన్నరు?"

"మైకులు చచ్చిపోయాయని కోపంలో..."

"అది ఎరుకే. మాట ఏమన్నరు? దినాం పదిమంది తిట్టిపోతరు సార్, ఎవరు ఏమన్నరో ఎట్ల యాదుంటది?"

నలుగురూ ముచ్చట ఆపి నావైపు చూశారు. క్షమాపణ చెప్పాలంటే ఆ మాట మళ్ళీ అనాలి. మొదటిసారి కోపం తోడుంది, దబ్బున వచ్చేసింది. ఈసారి ఒక్కో ముక్కా నాలుక మీద పెట్టుకుని, దాని కంపు నేనే పీలుస్తూ, బయటికి తీయాలి. తీశాను. "పని చేతకాదు గానీ బందులకు మాత్రం ముందుంటారు మీరు, అన్నానండీ."

అతను స్టూలు కింది ఫ్లాస్కు పైకి తీశాడు.

"గా మాటనా," అన్నాడు. "గది మీరొక్కరే అంటున్నరా సార్." ఇంకో స్టూలు నావైపు జరిపాడు. "కూసోండ్రి. చాయ్ తాగుతరా?"

వద్దనే హక్కు నాకు లేదు. ఫ్లాస్కులోంచి పోశాడు. చక్కెర నిండుగా ఉంది, అంత చేదు చాయ్ నేను తాగలేదు. క్షమించానని అతను అనలేదు. నేను అడిగాను, అతను చాయ్ పోశాడు, అంతవరకే.

సోమవారం బావ పెట్టె కట్టుకున్నాడు. నేను కోచింగ్ సెంటర్ మెట్ల మీద కూర్చున్నాను. లోపలికి వెళ్ళే ధైర్యం లేదు. కెమిస్ట్రీ మాస్టారి కేకలు ప్లైవుడ్ చీల్చుకుని వస్తున్నాయి. బావ గొంతు వినబడలేదు. చెక్క దాటకూడదనే కదా చేశాం. పని చేస్తే నాకు వినపడదు, చెయ్యకపోయినా వినపడదు. మొదటి పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. నా మిత్రుడు ఫోన్ చేశాడు.

"ఇనొస్తున్నదా అన్నా?"

"ఏమీ వినపడట్లేదు."

"లోపటోళ్ళకు?"

చెప్పబోతుండగా బావ గదిలోంచి నూటయాభై మంది ఒక్కసారిగా నవ్వారు. కెమిస్ట్రీ మాస్టారు కూడా క్షణం ఆగాడు. ఫోన్ అవతల అతనికీ వినిపించింది.

"ఇన్నరు," అన్నాడు.

బావ ఏం చెప్పి నవ్వించాడో నేను ఇప్పటిదాకా అడగలేదు. పసుపు సంగతే అయి ఉంటుందని నా అనుమానం. షాపులో నేనన్న మాట మాత్రం అయి ఉండదు, దానికెవరూ నవ్వరు.