చూరు కింద మాస్టారు

సుందరరాజు మాస్టారికి రోజుకో ఇంగ్లీషు మాట పుట్టుక ఎవరికో ఒకరికి చెప్పకపోతే తిన్నది అరగదు. దారిలో ఎవరూ చిక్కకపోతే ఏదో ఒక ఇంటి చూరు కింద నిలబడి, కిటికీలోంచి చెప్పేవాడు. తిరువూరులో మొగుడూ పెళ్ళాలు కూడా, "కాస్త తెలుగులో తిట్టవే, మాస్టారు వస్తున్నారు!" అనుకునేవారు.

ఒకసారి బెజవాడ బస్సు కండక్టరు "లగేజీ ఎవరిదండీ?" అన్నాడు పొరపాటున.

"లగ్ అంటే ఈడవడం నాయనా. ఈడ్చుకెళ్ళేది గనక..."

"అయితే ఈడవండి సార్, బస్సు కదలాలి!"

బస్సు కదిలింది. మాస్టారూ, ఆయన మూటా రోడ్డు మీద మిగిలారు.

ఆ ఊళ్ళోనే ఉండే కుర్రాడు యోసేపుకి ఆయనంటే ఒళ్ళు మంట. ఉద్యోగం రాని చదువు మీద కూడా మంటే. తల్లి రిబ్కమ్మ పత్తి చేలల్లో కూలి చేసి చదివించింది; ఫలితం చూడకుండానే వానాకాలం జ్వరంతో పోయింది. సమాధి మట్టి ఆరకముందే చుట్టాలు గంపలగూడెం బస్సెక్కేశారు. యోసేపు తలుపు మూసుకున్నాడు. పొయ్యి వెలిగించలేదు. పక్కింటి అక్కమ్మ కూడు తెస్తే, "తిన్నానత్తా" అని పంపేసేవాడు.

మాస్టారు మాత్రం వానలో కూడా వచ్చేవాడు.

"యోసేపూ, డైసీ అని ఓ పువ్వుందిరా. పగటి కన్ను అని దాని అర్థం. పొద్దున్నే విచ్చుకుంటుంది."

కిటికీ తెరుచుకునేది కాదు. మాస్టారు కాసేపు చూరు కిందే నిలబడి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు యోసేపు కిటికీ తోసి మీద పడ్డాడు.

"ఏంటి మాస్టారూ ఇది? దీన్ని ఈవ్స్‌డ్రాపింగ్ అంటారు! అసలే ఎమర్జెన్సీ రోజులు. ఎవరికి మోస్తున్నారు మా ఇంటి మాటలు?"

మాస్టారి మొహం వెలిగిపోయింది.

"దాని పుట్టుక తెలుసా? ఈవ్స్ అంటే చూరు. చూరునీళ్ళు పడే చోటు ఈవ్స్‌డ్రాప్. అక్కడ నక్కి, లోపలి మాటలు వినేవాడు..." గొడుగు చిల్లులోంచి చూరునీళ్ళు ఆయన మెడ మీదే పడుతున్నాయి.

"ఈ ఇంట్లో మాటలెక్కడివండీ? మాట్లాడే మనిషి పోయింది. ఇంకేం వింటారు?"

మాస్టారు పుట్టుకని సగంలో ఆపేశాడు. అలా ఆపగా ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు.

"గిన్నె చప్పుడురా," అన్నాడు. "మీ అమ్మ పోయిన కాణ్ణించీ వినపడలా."

యోసేపు కిటికీ మూసేశాడు. గోడకి ఆనుకుని, అమ్మ పోయాక మొదటిసారి, వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత లేచి పొయ్యి అంటించాడు. ఎసరు పెట్టాడు. తల్లి వాడిన సత్తు గిన్నె మీద గరిటెతో వీధంతా అదిరేలా కొట్టాడు.

చూరు కింద గొడుగు కదిలింది. "వినపడిందిలేరా!" రెండడుగులు వేసి గొడుగు మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఒరేయ్, అసలు రైస్ అనే మాట ఎక్కడిదనుకున్నావ్..."

తలుపు తెరుచుకుంది.

"లోపలికొచ్చి చెప్పండి మాస్టారూ. బియ్యం ఇద్దరికీ పోశాను."