ఓబులన్న సెలవు, రెండు కొండచిలువలు

ఓబులన్న ఇక లేడు.

నిన్న పొద్దున కారు కడుగుతుంటే పక్కింటి వంటామె వచ్చి చెప్పింది. పనిలోకి రాలేదని తలుపు కొట్టారట, పలకలేదట. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

నేను కారు కడగడం పూర్తి చేశాను.
తర్వాత మెట్ల మీద కూలబడ్డాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఓబులన్నది రాయచోటి వైపు, నాది అమలాపురం. ఇక్కడ గల్ఫ్‌లో, ముబారక్ అల్ కబీర్‌లో పక్కపక్క ఇళ్లలో ఆరేళ్ల నుంచి పని. నేను శీను, డ్రైవర్ని. ఆయన ఇంటిపనికని వచ్చాడు. పనిలో పెట్టుకున్న యజమానిని ఇక్కడ కఫీల్ అంటాం. ఆయన కఫీల్ కొడుకు సరదాపడి రెండు కొండచిలువల్ని తెచ్చాడు. సరదా అతనిది, సాకడం ఓబులన్నది.

వాటికి మా రూమ్ కంటే పెద్ద రూమ్.
అద్దాల పెట్టెలు, ఒక పక్క హీట్ ల్యాంప్, నీళ్ల తొట్టి, దాక్కోడానికి చెక్క గూడు. బయట ఎండకి మనం మాడిపోతుంటే లోపల పాములకి చలేస్తుందేమోనని ఈయన కంగారు.

ఒక నాగుల చవితికి తలస్నానం చేసి, ఇవాళ ఎలుకల్ని ముట్టనని, గిన్నెలో పాలు పోసి పెట్టాడు.
పెద్దది ఒక్క చుక్క తాగలేదు. గిన్నె బోర్లా తోసి ఆ పాలల్లోనే చుట్ట చుట్టుకుని పడుకుంది.
మర్నాటికి రూమంతా పులిసిన కంపు. కఫీల్ కొడుకు కేకలు.
ఓబులన్న పెట్టె కడుగుతూ నాతో అన్నాడు, "ఇవి ఈడివి గదప్పా, పాపం వాటికి చవితి యాడ తెలుస్తాది."

ఊళ్లో ఇల్లు కట్టించాడు. గృహప్రవేశం వీడియో కాల్‌లో చూశాడు. ఆ ఇంట్లో ఒక్క రోజు కూడా పడుకోలేదు.
సెలవడిగితే కఫీల్ ఒకటే మాట. పాముల్ని చూసే మనిషిని చూపించు, టికెట్ తీస్తా.

నన్నడిగాడు.
"నెల దినాలు చూసుకోప్పా. ఇల్లు చూసొస్తా."

వెళ్లాను. ఆయన ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఎలుకని తీసి వేడినీళ్లలో కరిగించి, పొడుగు పట్టకారుతో అందించాడు. పాము ఒక్క దూకు దూకింది.
నేను బయటికొచ్చేశాను. "నా వల్ల కాదన్నా" అన్నాను.
"సరేలేప్పా" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.
అడిగుంటే బాగుండు.

ఇవాళ వాళ్ల మామా, అంటే కఫీల్ భార్య, మా ఇంటికొచ్చింది. పాములకి తిండి రోజు దాటిపోయింది, ఎవరూ ముట్టట్లేదంది. వెళ్లాను.

ఫ్రీజర్ మూతకి ఒక కాగితం అంటించి ఉంది. ఓబులన్న రాత.
"శీనూ, చేతికి ఎలుక వాసన ఉంటే పెట్టె తెరవొద్దు. తిన్నాక రెండు దినాలు కదిలించొద్దు. గడియ మళ్లీ చూడు."

నేను ఒప్పుకుంటానని ముందే రాసి పెట్టుకున్నాడు.
కాదన్నాక కూడా తీసెయ్యలేదు.

పొడుగు పట్టకారు తీసుకున్నాను. రెండింటికీ పెట్టాను. గడియ మూడుసార్లు చూశాను.

పేపర్లు అయ్యాక ఓబులన్నని రాయచోటి పంపిస్తారు. ఆ ఇంటికే.

పాముల్ని నేను చూసుకుంటాను, ఓబులన్నా.
నువ్వు ఇంటికి పో. హాయిగా పడుకో.