ముందు తనొక ముద్ద

మా పక్కింటి పశువుల డాక్టరుగారు పోయిన ఆదివారం కన్నుమూశారు. చర్చి మొదటి గంట అయ్యాక, ప్రతి వారంలాగే గోడ మీదుగా "వస్తున్నారా డాక్టరుగారండీ" అని కేకేశాను. పలకలేదు. వెళ్ళి చూస్తే వసారాలో పడక్కుర్చీలో తల పక్కకి వాల్చి ఉన్నారు. కాళ్ళ దగ్గర ఆయన కుక్క చిట్టి కూర్చుని ఉంది, దాని ముందు గిన్నెలో కలిపిన అన్నం. ఆయన మునివేళ్ళకి మెతుకులు అంటుకుని ఎండిపోయాయి. కుక్క ఆ అన్నం ముట్టుకోలేదు. ఇవాళ్టికీ ఏదీ ముట్టుకోవడం లేదు. దాన్ని మా ఇంటికి తెచ్చుకుని నా చేతనైనవన్నీ వండి పెట్టాను. కాసిని నీళ్ళు తాగుతోంది, అంతే. అది ఎందుకు తినడం లేదో నాకు తెలుసు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

సమాధుల తోటలో పాస్టరుగారు, మన సోదరుడు నిండు మనసుతో, ఏ చింతా లేకుండా ప్రభువు దగ్గరికి వెళ్ళారని చెప్పారు. వచ్చినవాళ్ళందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. పోయినవాళ్ళ గురించి మంచిమాట చెప్పాలి, ఒప్పుకుంటాను. కానీ ఆయన చింతతోనే పోయారు. ఆ చింతని తీసేసి చూస్తే ఆ మనిషి మనకి కనపడడు.

పర్చూరు చుట్టుపక్కల పత్తీ మిరపా పండించే ఊళ్ళన్నిటికీ ఆయనే డాక్టరు. సర్కారు ఆసుపత్రిలో రిటైరయ్యాక కూడా తెల్లారేసరికి ఆయన గేటు ముందు గేదెలు నిలబడి ఉండేవి. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. మిషన్ స్కూల్లో పనిచేసే నన్ను "టీచరమ్మా" అని పిలిచేవారు. గొడ్డు మీద చెయ్యి వేసే ముందు దాని పేరు అడిగేవారు. పేరు లేదంటే అక్కడికక్కడ ఒకటి పెట్టేవారు. రైతులు తమకి పనిచేసిన మందునే గొడ్డుకీ పోసేసి తీసుకొస్తే మాత్రం గొంతు లేచేది. "ఒరేయ్, దాని కడుపు నీ కడుపు కాదురా. తెలుసుకుని మందు పొయ్యి" అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. గోడకి ఇవతల నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే, అవతల నుంచి ఆ తిట్లు వినపడుతూ ఉండేవి. ఇప్పుడు ఆ గోడ అవతల చప్పుడు లేదు.

ఒక ఎండాకాలం మా ఊరి పత్తిగింజల మిల్లు ఆసామి ఆయన దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక విదేశీ సంచి. పొగాకు కొనడానికి వచ్చిన దొర ఒకాయన, తన కుక్క కోసం తెచ్చుకున్నది వదిలేసి వెళ్ళాడట. ఎండు బిళ్ళలు, మేక పెంటికలంత ఉన్నాయి. కుక్క తిండి అన్నారు. మేమెవ్వరం అప్పటిదాకా అలాంటిది చూడలేదు.

"డాక్టరుగారండీ, ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నాడు మిల్లు ఆసామి. "గోడౌన్ల కాడ ఎన్ని కుక్కలున్నాయండీ. అన్నం వండి పెట్టేవాడు లేక అవి బక్కచిక్కి చస్తన్నాయి. మనమే చేద్దాం. మీరు చూసి బాగుందంటే చాలండి."

డాక్టరుగారికి అలాంటి పని దొరికితే పండగే. సంచి మీది అక్షరాలు భూతద్దం పెట్టి చదివి, గోడ మీదుగా నన్ను పిలిచారు. "చూడు టీచరమ్మా. వీళ్ళ పద్ధతి ఏమిటంటే, ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాస్తారు. బొమ్మేమో మాంసం ముక్క, మొదటి మాటేమో మొక్కజొన్న. తప్పని కాదు. కుక్క జొన్నన్నమూ తింటుంది. బొమ్మని చూసి మాత్రం కొనకూడదు." తర్వాత ప్రోటీను దగ్గర వేలు పెట్టారు. "ఇది ఎంతుందో రాస్తారు గానీ దేంట్లోంచి వచ్చిందో చెప్పరు. చెప్పుతోలులో కూడా ప్రోటీను ఉంటుంది. అరగాలి గదా?"

ఈ మాటన్నది ఆయనే. గుర్తు పెట్టుకోండి.

మిల్లు ఆసామి మొదటిసారి చేసి తెచ్చింది జొన్న నూక, తవుడు, వేరుశనగ చెక్క, సింగరాయకొండ వైపు నుంచి తెప్పించిన ఎండుచేపల పొడి కలిపి వత్తి ఎండబెట్టిన బిళ్ళలు. డాక్టరుగారు పేపరు పరిచి వాటిని చిదిమారు. గుప్పెడు పొడి గాజుగ్లాసు నీళ్ళలో వేశారు. పొట్టు తేలింది, అడుగున ఇసుక పేరింది. "చేపతో పాటు సముద్రపు ఒడ్డు కూడా తెచ్చావే" అని నవ్వారు. కొంచెం గరిటెలో వేసి పొయ్యి మీద మాడ్చి, మిగిలిన బూడిద చూశారు. నాలిక మీద వేసుకుని ఉప్పు ఎక్కువైందన్నారు. వేరుశనగ చెక్క వాసన చూసి సంచి మొత్తం వెనక్కి పంపించేశారు. "బూజు పట్టింది. ఇది పెడితే లివరు పోతుంది. పారెయ్. గేదెలకీ పెట్టొద్దు" అన్నారు. అంత గట్టి మనిషి. వేలు పెట్టి చూడనిదే, ముక్కు పెట్టి చూడనిదే దేన్నీ సరే అనని మనిషి.

చెక్క తీసేస్తే ప్రోటీను తగ్గింది. అప్పుడు మిల్లు ఆసామి, "మన మిల్లులో నూనె తీసేసిన పత్తి చెక్క గుట్టలుగా ఉంది గదండీ, అది కలుపుదాం" అన్నాడు. డాక్టరుగారు చెక్క తెప్పించుకున్నారు. విరిచి చూశారు, వాసన చూశారు, నమిలారు. తాజాగా ఉంది, బూజు లేదు, ఇసుక లేదు. "భేషుగ్గా ఉంది" అన్నారు. ఎందుకనరండీ? పత్తి గింజ నానేసి రుబ్బి గేదెకి పెట్టని ఇల్లు మా వైపు లేదు. పాలు చిక్కబడాలన్నా, ఈనిన గొడ్డు కోలుకోవాలన్నా పత్తి గింజే. ఆయన తన చేతులతో ఎన్ని వందల గొడ్లకి పెట్టమని చెప్పి ఉంటారు. మా నేలలో పుట్టినవాడికి అది తిండి గానీ ఇంకోటి ఎలా అవుతుంది.

ముందు అప్పటి తన కుక్కకే పెట్టారు, చిట్టి ఇంకా రాలేదు. ఆయన తీరే అంత. అది ఇష్టంగా తింది, బొచ్చు నిగనిగలాడింది. ఆ తర్వాత గోడౌన్లకి, పొగాకు కాల్చే బేరన్ల కాడికి, మిల్లు వాకిట్లోకి సంచులు వెళ్ళాయి. "డాక్టరుగారు చూశారు" అన్న ఒక్క మాట చాలింది.

కొన్ని వారాలకి ఆయన కుక్క నడవడం తగ్గించింది. గేటు దాకా వచ్చి రొప్పుతూ కూలబడేది. కడుపు ఉబ్బింది. పురుగులేమోనని మందు వేశారు. ఒక మధ్యాహ్నం నీళ్ళ తొట్టి పక్కన పడిపోయి మళ్ళీ లేవలేదు. అదే వారంలో మిరప గోడౌను కుక్కలు ఒకదాని తర్వాత ఒకటి పోయాయన్న కబురు వచ్చింది. డాక్టరుగారు తన కుక్కని పెరట్లో తనే కోసి చూశారు. కడుపు నిండా నీరు. గుండె సాగిపోయి ఉందట. చేతులు కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నారు. నేను చెంబుతో నీళ్ళు పోస్తుంటే అప్పుడు చెప్పారు.

"పత్తి గింజలో ఒక విషం ఉంటుంది, టీచరమ్మా. నెమరేసే గొడ్డు పొట్టలో అది విరిగిపోతుంది. కుక్కకి ఆ పొట్ట లేదు."

"మీకు తెలియదు గదండీ" అన్నాను.

"తెలుసు. కాలేజీలో చదివాను. పరీక్షలో రాశాను కూడా. రోజూ గేదెలు తింటుంటే చూసి చూసి, మర్చిపోయాను." చేతులు రుద్దుకుంటూ, "దాని కడుపు నీ కడుపు కాదురా అని ఊరందరినీ తిట్టినవాణ్ణి" అన్నారు.

ఆ సాయంత్రమే బయల్దేరి సంచులు వెళ్ళిన ప్రతి చోటికీ వెళ్ళి తప్పు నాది అని చెప్పారు. ఎవరూ ఒక్కమాట అనలేదు. "కుక్కలే గదండీ, పోనీండి" అన్నారు. కూర్చోబెట్టి మజ్జిగిచ్చారు. మిల్లు ఆసామి మిగిలిన బిళ్ళలు గోతిలో పూడ్పించి, "మీరేం మనసులో పెట్టుకోబాకండి" అన్నాడు. పత్తి చెక్క మాత్రం ఎప్పటిలాగే గేదెల కుడితిలోకి వెళ్ళింది. పాలు ఎప్పటిలాగే చిక్కగా వచ్చాయి. లోకానికి ఏమీ కాలేదు.

ఒక్క మనిషే మాటన్నాడు. మిరప గోడౌను కాపలా ముసలాయన. ఆయన కుక్క అప్పుడే ఈని, పాలు తాగే పిల్లల్ని వదిలేసి చచ్చిపోయింది. తల్లిపాలు లేక పిల్లలూ పోయాయి, ఒక్కటి తప్ప. ఆ మిరప ఘాటులో దగ్గుకుంటూ ముసలాయన, "మీరు పెట్టమన్నారని పెట్టానయ్యా. నేనయితే నా సద్దిలోదే పెట్టేవాణ్ణి" అన్నాడట. అని, మిగిలిన ఆ పిల్లని డాక్టరుగారి చేతిలో పెట్టాడు. అదే చిట్టి.

"ఆయనొక్కడే నన్ను మనిషి కింద చూశాడు" అని డాక్టరుగారు చాలాసార్లు అనేవారు.

ఆ తర్వాత ఆయన దేన్నీ బాగుందని చెప్పలేదు. రైతులు తవుడు పట్టుకొస్తే "నాకు తెలియదు, ఇంకెవరికన్నా చూపించుకోండి" అనేవారు. మొదట్లో బతిమాలారు, తర్వాత రావడం మానేశారు. గేటు ముందు గేదెలు లేవు. నేను కోప్పడ్డాను, బుజ్జగించాను, బైబిల్లో వాక్యాలు చూపించాను. "క్షమాపణ మనుషులకి రాశారమ్మా. ఆ కుక్కలు నన్నేం క్షమిస్తాయి, వాటికి నా తప్పే తెలియదు గదా" అన్నారు. నేను బైబిలు మూసేశాను.

చిట్టికి మాత్రం రోజూ తనే వండేవారు. జొన్నన్నమో బియ్యమో మెత్తగా ఉడికించి, గుడ్డు చిదిమి, మజ్జిగ పోసి కలిపి, ముందు ఒక ముద్ద తన నోట్లో పెట్టుకునేవారు. నమిలి, మింగి, కాసేపు ఊరుకుని, అప్పుడు "ఊఁ, తిను" అనేవారు. ఆ మాట వినేదాకా అది గిన్నెలో మూతి పెట్టేది కాదు.

"నోట్లో వేసుకుంటే తెలిసే విషమైతే అప్పుడే తెలిసేది గదండీ" అని ఒకసారి అనేశాను. నాకు నోరు ఆగదు.

ఆయన నొచ్చుకోలేదు. "తెలియదు. తెలియదనే తింటున్నా. దానికేమన్నా అయితే నాకూ అవ్వాలి గదా" అన్నారు.

అప్పుడు నేను నవ్వాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే ఏడుపొస్తోంది. చనిపోయిన రోజు కూడా అన్నం కలిపారు. ముద్ద నోటి దాకా వెళ్ళలేదు.

ఇవాళ పొద్దున ఆయన గిన్నెలోనే, ఆయన వండినట్టే వండాను. మా వసారాలో చిట్టి ముందు కింద కూర్చుని ఒక ముద్ద నేను తిన్నాను. అది నా నోటికేసే చూసింది. నమిలాను, మింగాను, కాసేపు ఊరుకున్నాను. "ఊఁ, తిను" అన్నాను. చెవులు నిక్కబొడుచుకుని లేచింది. తోక కూడా ఊపింది. నన్ను దాటుకుని వెళ్ళి, గోడ దగ్గర ముందుకాళ్ళు ఎత్తి పెట్టి, అవతల ఖాళీ వసారాలోకి చూస్తూ నిలబడింది. నేను ఇంకో ముద్ద తిన్నాను. అది వెనక్కి తిరగలేదు. మధ్యాహ్నానికి గిన్నెలో అన్నం పెచ్చు కట్టింది, అది ఇంకా ఆ గోడ దగ్గరే ఉంది.