బందరు రైల్లో దమ్ము

కృష్ణమ్మ మీద ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. గుడివాడలో రైలెక్కిన ఓ కుర్రాడు నా ఎదురు సీట్లో కూర్చున్నాడు. పెడన దాటాక పక్కనే కూర్చున్న అతని స్నేహితుడు గంజాయి దట్టించిన సిగరెట్ చూపించి, "బందర్లో దిగగానే ఓ దమ్ము కొడదాం బావా. ఆకే కదా, నీ బిళ్ళలకన్నా నయం. ఏం, దమ్ము లేదా?" అన్నాడు.

ఆ కుర్రాడు అందరూ చూస్తుండగా బిళ్ళ మింగాడు. "ఇది నా బుర్రలో అరిచే గొంతుల నోరు మూయిస్తుందిరా. నీ పొగ తగిలితే దీని పని సాగదు. పోయినసారి దమ్ము కొట్టాక ఆ గొంతులు రమ్మంటే మంగినపూడిలో సముద్రంలోకి నడిచేశాను. కొట్టడానికి దమ్మెందుకురా? వద్దనడానికి కావాలి!" అని అరిచాడు.

పెట్టంతా చప్పట్లు మోగాయి.

సరే, చప్పట్లు నా కల్పన. నిజానికి పక్కవాళ్ళంతా జడిసి దూరం జరిగారు. ఖాళీ అయిన సీటు మీద అతను దర్జాగా కాళ్ళు చాపుకున్నాడు.